నలభై ఎనిమిది చామంతులు

ఇనప్పెట్టెల అంకుల్ పోయారన్న కబురు నాకు బెడోక్ హాకర్ సెంటర్‌లో తెలిసింది. సోమవారం పొద్దున టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ బల్ల నాదని చోప్ చేసి, కాఫీ తెచ్చుకుని అప్పుడే కూర్చున్నాను. ఆయన కూతురు ఫోను చేసింది. "అక్కా, అప్పా పోయారు. మార్నింగ్ టీ తాగారు. చైర్‌లోనే. జస్ట్ లైక్ దట్," అంది. నా గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు రంగు ఎనామిల్ ఉంది. ముందు రోజే ఆయన పెట్టె మీద ఆఖరి పువ్వు పూర్తిచేసి ఫోటో పంపాను. జ్వరం వచ్చి వారం రోజులుగా ఆయన జురాంగ్ ఈస్ట్‌లో తమ ఫ్లాటులోనే ఉన్నారు. "రేపు వొచ్చి సూస్తాను. ఫోన్లో సూసే పనా ఇది?" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆయనకి చూపించాలనే ఆ రోజు నేను గంట ముందు బయల్దేరాను.

ఇలాంటివి గొంతు తగ్గించి రాయాలని నాకూ తెలుసు. చేతకావడం లేదు. ఆయన్ని తలుచుకుంటే ఏడుపు కంటే ముందు ఆ గది గుర్తొస్తుంది, గది గుర్తొస్తే కాళ్ళు నిలవవు. మీరే కాస్త ఓర్చుకోవాలి.

మా ఆఫీసు పాయా లేబర్‌లో, చిన్న చిన్న ఫ్యాక్టరీలన్నీ ఒకే కప్పు కింద ఉండే బిల్డింగులో, నాలుగో అంతస్తులో ఉంది. ఒకరోజు లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకోగానే ఎనామిల్ రంగు, టర్పెంటాయిల్ కలిసిన వాసన వచ్చింది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల మీద పువ్వులూ చిలకలూ వేసే పెయింటరు. ఆ వాసనలోనే నేను పుట్టి పెరిగాను. ఆఫీసు సంగతి మరిచిపోయి ఆ వాసన వెంట నడిచాను. వరండా చివర ఒక గది. గదిలో మనిషి ఎత్తు ఇనప్పెట్టెలు ఏడెనిమిది, వాటి ముందు చిన్న స్టూలు మీద తెల్లజుట్టు పెద్దాయన.

"ఏటమ్మా, దారి తప్పినావా?" అన్నారు.

నేను తెలుగుదాన్నని ఆయనకెలా తెలిసిందో అప్పుడు అడగలేదు. తర్వాత అడిగితే, గడప దగ్గర నిలబడి "అమ్మో, ఎంతుందో" అని పైకే అనేశానట.

"లేదండీ, వాసన పట్టుకుని వచ్చాను."

"వాసన పట్టుకొచ్చీసినావా? అయితే కూకో. మకాన్ అయినాదా?"

భోజనమైందా అని మలయ్‌లో అడిగారన్నమాట. ఆయన పుట్టింది మలేసియాలో, పెరాక్ వైపు తోటల్లో. తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారట. ఆ తెలుగు మూడు తరాలు దాటి, మధ్యలో తమిళమూ మలయ్ మాటలూ కలుపుకుని, ఆయన నోట్లో నిక్షేపంగా ఉంది. చదవడం మాత్రం రాదు. వయసులో ఉన్నప్పుడు షిప్‌యార్డులో వెల్డింగు చేయడానికి సరిహద్దు దాటి దక్షిణాన ఈ ద్వీపానికి దిగి, తర్వాత ఈ పెట్టెల పనిలో పడ్డారు.

పాత బంగారు కొట్లు మూతపడినప్పుడు, ఈపో నుంచో పెనాంగ్ నుంచో ఆ ఇనప్పెట్టెలు ఈయన దగ్గరికి వచ్చేవి. నలుగురు మనుషులు కలిసినా కదలనివి. వచ్చేటప్పటికి తుప్పు పట్టి, బీడీ పొగకి నల్లబడి ఉండేవి. ఈయన తుప్పు గీకి, మడతబందులు సరిచేసి, తాళం విప్పి నూనె పెట్టి మళ్ళీ ప్రాణం పోసేవారు. కాఫీ షాపుల వాళ్ళూ హోటళ్ళ వాళ్ళూ ముందు గదిలో అందానికి పెట్టుకోవడానికి కొనుక్కునేవారు.

ఆ పెట్టెల్లో ఒక తమాషా ఉంది. తెలిసిన రోజున నాకు రోజంతా ఆఫీసు పని సాగలేదు. తలుపు మీద తాళం కన్నం కనపడదు. వరసలు వరసలుగా ఇనప బొడిపెలు మాత్రం ఉంటాయి. వాటిలో ఒకటి ఉత్తుత్తిది. దాన్ని నొక్కి పక్కకి జరిపితే దాని కింద కన్నం ఉంటుంది. దొంగ చేతికి తాళంచెవి దొరికినా ఎక్కడ పెట్టాలో తెలియదు. ఏ బొడిపె అన్నది ఒక్కో పెట్టెకీ ఒక్కో రకం, చేయించుకున్నవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు. ఆ చేయించుకున్నవాళ్ళందరూ ఎప్పుడో పోయారు.

మరి ఈయన ఎలా కనుక్కునేవారు? కాఫీ చెంచాతో. పెట్టె వచ్చిన మొదటి రోజు దానిమీద చెయ్యి వేసేవారు కాదు. ఎదురుగా కూర్చుని కాఫీ తాగేవారు. రెండో రోజు అదే చెంచాని రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, తలుపుకి చెవి ఆనించి, ఒక్కొక్క బొడిపె మీదా తట్టేవారు. అక్కడిదాకా నన్ను ఉండనిచ్చేవారు. ఆయన మొహంలో ఏదో కదలగానే, "పోయి రెండు కాఫీ పట్టుకురా" అనేవారు. నేను పరిగెత్తుకు వెళ్ళి పరిగెత్తుకు వచ్చేసరికి తలుపు తెరిచి ఉండేది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నా ఎదురుగా తెరవలేదు. బతిమాలాను, అలిగాను, ఒకసారి కాఫీ తేనని మొండికేశాను. "గుట్టు, పెట్టె ఉన్నోడికే సెప్పాల. నాకూ నీకూ కాదు," అనేవారు. కొన్నవాళ్ళు వచ్చినప్పుడు పక్కకి పిలిచి చెవిలో చెప్పేవారు. అంత పెద్ద హోటలు మేనేజరు కూడా చిన్నపిల్లాడిలా వంగి చెవి ఇచ్చేవాడు.

డ్రిల్లు మాత్రం ముట్టుకునేవారు కాదు. ఎంత మొండి పెట్టె అయినా సరే. "డ్రిల్లు ఏసినాక ఇంకేటుంటాది? తుక్కే," అనేవారు. ఎవరైనా తొందరపెడితే పెలన్ పెలన్ అనేవారు. మెల్లగా, మెల్లగా అని.

రంగు దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. ఆయన పెట్టెలన్నిటికీ నల్లరంగే. ఒక శనివారం నేను ఉండబట్టలేక, ఒక పెట్టె తలుపు మీద ఎర్ర అంచు లాగి, మూలల్లో రెండు చిలకలు వేసేశాను. అచ్చం లారీ వెనక తలుపే. ఆయన వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు. "సిలక ఇటు సూస్తందేటి?" అన్నారు చివరికి. అంతే. ఆ పెట్టె కొన్నావిడ అందులో బూట్లు పెట్టుకుంటున్నానని ఫోటో పంపింది. నాకు తలకొట్టేసినట్టయింది. ఆయనకేమో ఎక్కడలేని సంతోషం. "బూట్లైతే ఏటి? రోజూ తెరుస్తాది కదా," అని ఆ ఫోటో వారం రోజులు అందరికీ చూపించారు.

అప్పట్నుంచి తలుపులన్నీ నావే. శనివారాలు, మధ్యాహ్నం భోజనం వేళలు, అన్నీ అక్కడే. ఆకుపచ్చ లైను రైల్లో ఆయన ఆ కొస నుంచీ నేను ఈ కొస నుంచీ వచ్చి పాయా లేబర్‌లో కలిసేవాళ్ళం. నేను వేసేది లారీ పూత. పువ్వు వేలికి తగలాలని మా నాన్న మూడు పూతలు మందంగా వేసేవాడు, ఎండకీ వానకీ ఆగాలని. ఆయన నా వెనక నిలబడి, "పల్సగా ఎయ్యమ్మా. నీ లారీకి బొడిపెలు కదలక్కర్లేదు, దీనికి కదలాల," అని నస పెట్టేవారు. ఇంకో మాట కూడా అనేవారు. లోపలి రంగు ఆరేదాకా తలుపు మూయకూడదని. గాలి ఆడకపోతే ఎనామిల్ నెలైనా ఆరదు. ఒకసారి నేను తెలియక మూసేస్తే, ఆ రంగంతా నాచేతే గీకించి మళ్ళీ వేయించారు.

ఆయన మాత్రం కుంచె పట్టేవారు కాదు. నేనే ఒకసారి చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేశారు. "నా సేతికి గీత వొస్తాది. పువ్వు రాదు," అన్నారు.

ఈ ఏడు ఈపో నుంచి ఒక పెట్టె వచ్చింది. బొడిపెలు ఆరేసి చొప్పున ఎనిమిది వరసలు. ఎవరికని అడిగితే చెప్పలేదు. నేను పది రోజులు విజయవాడ వెళ్ళే ముందు, కింద కోపీటియమ్‌లో, అంటే కాఫీ కొట్లో, అన్నం తింటూ ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేశారు.

"బుంగ రాయాకి ఎన్ని రేకలుంటాయి?"

బుంగ రాయా అంటే వాళ్ళ మలయ్‌లో మందారం. "మీ దేశపు పువ్వు అంకుల్, మీకే తెలియదా? ఐదు," అన్నాను.

"ఐదూ సమానంగా ఉంటాయా?"

"పువ్వుకి టేపు పెట్టి కొలుస్తామా?"

ఆయన నవ్వి, బల్ల మీద పడిన చారు టిష్యూతో తుడిచారు. నేను ఆ మాట అక్కడే మరిచిపోయాను.

విజయవాడలో ఉండబుద్ధి కాలేదు. ఆ ఎనిమిది వరసలూ కళ్ళ ముందే ఉన్నాయి. ఒక్కొక్క బొడిపెనీ ఒక్కొక్క చామంతి చేస్తే ఎలా ఉంటుందా అని టికెట్టు మార్పించుకుని రెండు రోజులు ముందే వచ్చేశాను. చెప్పాపెట్టకుండా గదిలోకి వెళ్ళేసరికి ధడేల్‌మని తలుపు పడిన చప్పుడు. ఆయన పెట్టెకి వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎప్పుడొచ్చీసినావు?"

"ఇప్పుడే. ఏం చేస్తున్నారు?"

"ఏటీ లేదు. లోపలి పని అయిపోనాది. బయట నీది," అన్నారు. తర్వాత, నేను నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట అన్నారు. "బయట పని అయినాక దీన్ని నువ్వే తెరవాల. నేను సెప్పను. సెవి పెట్టి ఇను, అదే సెప్తాది."

"నాదా పెట్టె?" అని అడిగాను. గుట్టు పెట్టె ఉన్నవాళ్ళకే కదా.

"ముందు తెరువు," అన్నారు.

మీరు నమ్మండి, ఆ రోజు నేను పాయా లేబర్ నుంచి బెడోక్‌కి వెళ్ళాల్సిన రైలు ఎక్కబోయి ఎదురు దిక్కు రైలు ఎక్కాను. సిటీ దాకా వెళ్ళిపోయాక గానీ తెలియలేదు.

తర్వాత ఆయనకి జ్వరం. నేను ఒక్కదాన్నే గదిలో. పల్చగా వెయ్యమని వెనక నిలబడి చెప్పేవాళ్ళు లేరు. వేసుకున్నాను నా ఇష్టం వచ్చినట్టు. నలభై ఎనిమిది చామంతులు, ఒక్కొక్కటీ మూడు పూతలు, వేలితో తడిమితే రేకు రేకూ తగిలేలా. ఆదివారానికి పూర్తయింది. సోమవారం ఆయన లేరు.

దహనమైన రెండో రోజు కూతురు నన్ను గదికి రమ్మంది. తను ఇక్కడే పుట్టి పెరిగింది, తండ్రి తెలుగంతా అర్థమవుతుంది గానీ మాట్లాడేది తక్కువ. నేను వెళ్ళేసరికి డ్రిల్లు సంచీతో ఒక చైనీస్ అంకుల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అక్కా, లీజు ఫ్రైడేతో అయిపోతుంది లా. అన్నీ వెళ్ళిపోయాయి. దిస్ వన్ ఓన్లీ. లోపల ఏముందో తెలియకుండా ఎలా పంపను? అప్పా పేపర్స్ ఉండొచ్చు."

"తాళంచెవి ఉంది కదా," అన్నాను. నూనె గుడ్డలో చుట్టి మేకుకి వేలాడుతోంది, నా అరచేయంత.

"కీ ఉంది, హోల్ లేదు. నీకు తెలుసా ఎక్కడో?"

తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. "నాన్నగారు దీన్ని నన్నే తెరవమన్నారు. ఒక్క డ్రిల్లు కూడా వెయ్యని మనిషి అమ్మా ఆయన. ఆయన ఆఖరి పెట్టెకి వేయిస్తావా?" అన్నాను. గొంతు కొంచెం పెరిగినట్టుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చైనీస్ అంకుల్, "నేను మకాన్ చేసి వస్తా. వన్ అవర్," అని ఇంగ్లీషులో చెప్పి, సంచీ అక్కడే పెట్టి కిందికి వెళ్ళిపోయాడు. ఆ మనిషికి నేను జన్మలో రుణం తీర్చుకోలేను.

గంట. ఆయన గ్లాసులో చెంచా ఉంది. తీసుకుని తట్టడం మొదలుపెట్టాను. మొదటి వరస, రెండో వరస, అలా ఎనిమిదో వరస దాకా. అన్నీ ఒకటే మొద్దు చప్పుడు. రెండోసారి గట్టిగా కొట్టాను. అదే మొద్దు చప్పుడు. అప్పుడు వెలిగింది నాకు. నా మూడు పూతలు. పల్చగా వెయ్యమ్మా అని నాలుగేళ్ళు మొత్తుకున్న మనిషి మంచాన పడగానే, కదలాల్సిన బొడిపెని లారీ రంగుతో అతికేసి, వినాల్సిన చప్పుడుని కూడా దాని కింద పూడ్చేశాను. ఆయన నాకిచ్చిన ఒకే ఒక్క మాటని నా చేతులతో నేనే సీలు వేసుకున్నాను. నేలమీద కూలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కూతురు నా పక్కన కూర్చుంది. కాసేపటికి, "అప్పా ఇలా కొట్టరు అక్కా," అంది. "సాఫ్ట్‌గా. చిన్నప్పుడు నేను డోర్ వెనక నుంచి చూసేదాన్ని. స్పూన్ దానంతట అదే పడినట్టుండేది."

నిజమే. వదులుగా, రెండు వేళ్ళ మధ్య. నేను చూస్తూనే ఉన్నాను, నా తొందరలో పట్టలేదు. ఫ్యాను ఆపమన్నాను. చెవి తలుపుకి ఆనించి, చెంచా దాని బరువుకి అదే పడేలా వదిలాను. పెలన్ పెలన్. ఒకటి, రెండు, మూడు. ఐదో వరసలో రెండోది పలికింది. చిన్న తేడా. ఖాళీ డబ్బా మీద గోరు తగిలినంత. మళ్ళీ వదిలాను. మళ్ళీ పలికింది. నేను కూతురు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తర్వాత చూస్తే తన మణికట్టు ఎర్రగా కందిపోయింది.

అది ఏ పువ్వో తెలుసా మీకు? మొత్తం నలభై ఎనిమిదిలోకీ నాకు బాగా కుదిరిన చామంతి. ఆదివారం ఆయనకి దగ్గరగా ఫోటో తీసి పంపింది దాన్నే. బ్లేడు తీసుకుని చుట్టూ గీకాను. రేకులు చుట్టలు చుట్టుకుని ఊడి పడ్డాయి. మూడు పూతలూ పోయి, ఎర్ర ప్రైమరు పోయి, అడుగున నల్లటి ఇనుము వచ్చింది. నొక్కి పక్కకి తోశాను, కదల్లేదు. ఇంకా గీకాను. ఇద్దరం బొటనవేళ్ళు పెట్టి తోశాం. కిర్రుమని జరిగింది. కింద తాళం కన్నం, చుట్టూ ఆయన పెట్టిన కొత్త నూనె మెరుస్తూ.

తాళంచెవి నువ్వే తిప్పమని కూతురితో అన్నాను. "నో, నో. అప్పా నిన్నే తెరవమన్నారు కదా," అంది. నేను తిప్పగానే వెన్నలో తిరిగినట్టు తిరిగింది. అంత బరువు తలుపు ఒక్క వేలితో లాగితే వచ్చేసింది.

పేపర్లు లేవు. అడుగున ఒక పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం ఉన్నాయి. ఏ పెట్టెనీ ఆయన ఖాళీగా మూసేవారు కాదు. ఇంతేనా అనుకుంటూ తలుపుని పూర్తిగా తిప్పేసరికి దాని లోపలి వైపు కనపడింది.

మందారం. నా ఎర్ర రంగుతో, నా పాత కుంచెతో వేసిన మందారం. ముందు కంపాసుతో గుండ్రం గీసుకుని, కోణాలు కొలుచుకుని, పెన్సిల్ చుక్కలు పెట్టుకుని, ఐదు రేకులూ మిల్లీమీటరు తేడా లేకుండా వేశారు. పువ్వులా లేదు, ఎగ్జాస్ట్ ఫ్యానులా ఉంది. కూతురు చూసి ముందు నవ్వింది. "అప్పా కెనాట్ ఈవెన్ డ్రా ఎ క్యాట్ లా," అంది, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక ఏడ్చింది. నేనూ అంతే.

చెయ్యి చాపి ఒక రేకుని ముట్టుకున్నాను. వేలికి ఎర్రగా అంటింది. నేను రెండు రోజులు ముందే ఊడిపడ్డానని, ఆ నియమాల మనిషి తడి రంగు మీదే తలుపు మూసేశారు.

చైనీస్ అంకుల్ తిరిగొచ్చి, చూసి, డ్రిల్లు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. "పెట్టె నీదే అక్కా," అంది కూతురు. శుక్రవారం బెడోక్‌లో మా ఫ్లాటుకి తెచ్చి హాల్లో దింపారు. దారిలో మూతపడకుండా తలుపుకీ చట్రానికీ మధ్య చెక్కముక్క పెట్టించాను. బయట గీకేసిన చామంతి స్థానంలో మళ్ళీ ఏమీ వెయ్యలేదు. ఆ బొడిపె నల్లగానే ఉంది. లోపల మందారం రేకు మీద నా వేలిముద్ర కూడా అలాగే ఉంది. ఇవాళ పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు మెల్లగా ముట్టుకుని చూశాను. ఇంకా కాస్త అంటుకుంటోంది. ఫ్యాను వేసి, తలుపు బార్లా తెరిచిపెట్టి వచ్చాను.